పరస్థానం మూట

నాగావళి ఒడ్డున ఏటివలసలో నీటిమట్టాల సంస్థ వారి ఆఫీసు ఒకటి ఉంది. ఏట్లో నీళ్లు ఎంతవరకు ఉన్నాయో పొద్దున్నే చూసి పైకి తెలియజేయడం ఆ ఆఫీసు పని. ఏరు ఎండినా పొంగినా ఆఫీసు మాత్రం ఎప్పుడూ నిండుగానే ఉండేది. అక్కడ మట్టం చూసే ఉద్యోగి గౌరునాయుడు. ఆయన తల్లి వరహాలమ్మ. ఈ కథ ఆవిడదే గాని, దీన్ని మొదలుపెట్టిన పుణ్యం మాత్రం ఆఫీసువారిది.

గౌరునాయుణ్ణి రాజస్థాన్ ఎడారిలో ఉన్న ఒక శాఖకి బదిలీ చేశారు. అక్కడ ఏరు ఉందా అని ఆయన అడిగాడు. లేదన్నారు. ఏరు లేని చోట మట్టం చూడడమేమిటని అడిగితే, ఏరు లేకపోతే మట్టం సున్నా అవుతుంది, ఆ సున్నాని ఎవరో ఒకరు కళ్లారా చూసి ధ్రువపరచకపోతే అది సున్నా అని ఎలా నమ్మడం అని ఎదురు ప్రశ్న వేశారు. గౌరునాయుడి దగ్గర జవాబు లేదు. జవాబు లేనివాడు పెట్టె సర్దుకోవాలి గదా.

ఇదివరకు బదిలీ అంటే ఇంత హడావిడి ఉండేది కాదు. బదిలీ అయినవాడు ఒక్కడూ పరుపుచుట్ట పట్టుకుని రైలెక్కేవాడు. పెళ్లాం పిల్లలు పాత ఊళ్లోనే ఉండేవారు. వాడు నెల తిరక్కుండా కడుపునొప్పి అని సెలవు పెట్టి వచ్చేవాడు. సంస్థలో ఈ కడుపునొప్పులు మరీ ఎక్కువయ్యాయని, మహాసంచాలకులవారు స్వయంగా ఒక కొండ ఊరికి శిక్షణకి వెళ్లి, వచ్చేటప్పుడు ఒక శాలువా, ఒక కొత్త ఉత్సాహం వెంటబెట్టుకుని దిగారు. ఆ ఉత్సాహం పేరు సంపూర్ణ కుటుంబ స్థానచలనం. ఇక మీదట బదిలీ అయ్యేది ఉద్యోగి కాదు, కుటుంబం. కుటుంబమంతా నెలాఖరులోగా గడప దాటాలి. దాటనివాళ్లని, కుటుంబంలో ఉండడం ఇష్టంలేని వ్యక్తులుగా పరిగణించి, కొత్త ఊళ్లో ఆఫీసువారి ఇంట్లో మూడేళ్ల దాకా అడుగు పెట్టనివ్వరు.

కొడుకు ఉత్తర్వులోంచి ఇదంతా చదివి చెబుతుంటే వరహాలమ్మకి మిగతా ముక్కలేవీ చెవికెక్కలేదు. మూడేళ్లు అన్న ముక్క ఒక్కటే ఎక్కింది. డెబ్బై దాటిన మనిషికి మూడేళ్లంటే, అడుగున ఏమైనా ఉందో లేదో తెలియని డబ్బాలోంచి పప్పు కొలవడం లాంటిది.

అసలు ఆవిడ బతుకంతా సాగనంపడంతోనే సరిపోయింది. పెళ్లయిన కొత్తలోనే మొగుడు, అండమాన్లో రోడ్డు పనులున్నాయని విశాఖపట్నంలో ఓడెక్కాడు. క్షేమంగా వెళ్లి లాభంగా రమ్మని ఆవిడే నోరారా చెప్పింది. ఓడ తిరిగొచ్చింది. అందులో ఆయన ట్రంకుపెట్టె కూడా వచ్చింది. చెల్లెలు మొగుడితో భిలాయి వెళ్తుంటే మళ్లీ అదే మాట చెప్పింది. మొదట్లో చెల్లెలి దగ్గర్నుంచి కార్డులొచ్చేవి, తర్వాత కార్డులూ లేవు. దాంతో ఆ మాట తన నోట్లోంచి వస్తే చాలు మనుషులు తిరిగిరారని ఆవిడకి ఖాయమైపోయింది. అప్పట్నుంచి ఎవరు ప్రయాణమైనా వంటింటి తలుపు వెనకాల నిలబడేది. విధవ ఎదురైతే ప్రయాణం చెడుతుందని ఊళ్లో అంటారు. ఊళ్లోవాళ్లు ఊరికే అనేవారు, ఈవిడ నమ్మేది.

పొట్లాల కాగితాల మీద అక్షరాలు కూడబలుక్కుని సొంతంగా చదువు నేర్చుకుంది. ఆ చదువుతో ముఖ్యంగా రెండు చదివేది, పంచాంగం, రైళ్ల వేళలు. మొదటిది నమ్మేది. రెండోది నమ్మేది కాదు.

కొడుకు చదవడం పూర్తయ్యాక ఒక్క మాటే అంది. "సున్నా కాడికైనా సరే నాయినా, నలుగురం కలిసే పోదాం."

నలుగురంటే ఆవిడ, గౌరునాయుడు, కోడలు భూలక్ష్మి, డిగ్రీ చదివే మనవరాలు హైమ.

కుటుంబాలని ఎడారికి సిద్ధం చేసే బాధ్యత స్థానచలన సంసిద్ధతాధికారి పుండరీకాక్షం గారిది. ఆయన నేను, నువ్వు అనే మాటలు వాడి చాలా కాలమైంది. టీ తాగినా 'సేవించడమైనది' అనేవాడు. ఆఫీసు వెనక రేకుల షెడ్డులో మిట్టమధ్యాహ్నం తరగతులు పెట్టాడు. పక్కనే ఏరు గలగలా పారుతుంటే భూలక్ష్మి ఇసకతో గిన్నెలు తోమడం నేర్చుకుంది. పచ్చదనం మీద బెంగ పుట్టకుండా హైమని చెట్లకి వీపు పెట్టి కూర్చోబెట్టారు. ఒంటె ఎక్కడం కూడా పాఠంలో ఉంది. ఒంటె దొరక్క, పక్కింటి దాలమ్మ గేదెని తెచ్చారు. గౌరునాయుడు దాని మీదకి రెండు వైపుల నుంచీ ఎక్కి, రెండు వైపులా దిగాడు. డెబ్బై దాటినవాళ్లకి ఎక్కడం నుంచి మినహాయింపు ఉంది, వాళ్లు గేదెని ఒంటెగా భావించుకుంటే చాలు. వరహాలమ్మ నిజాయితీగా ప్రయత్నించింది. గేదె కూడా ప్రయత్నించింది.

ఇంట్లో సర్దుడు వరహాలమ్మ చేతిలో ఉంది. చింతపండు, ఊరమిరపకాయలు, చేట, కత్తిపీట, డబ్బాలో కరివేపాకు మొక్క, అన్నిటికంటే ముందు రుబ్బురోలు. మిక్సీ ఉండగా రోలెందుకని భూలక్ష్మి గొణిగింది. అక్కడ కరెంటు లేకపోతేనో అంది అత్త. ఎడారిలో కరెంటు ఉంటుంది, లేనివి నీళ్లే అంది కోడలు. అయితే మరీ మంచిది, రోలు కడిగే పని తప్పుతుంది అంది అత్త. రోలు గోనె సంచిలోకి వెళ్లింది.

అంతా సర్దుకున్నాక లారీ రాలేదు. లారీ మంజూరు చేసేవారిని అడిగితే, వెళ్లిపోయిన కుటుంబం సామానుకే లారీ ఇస్తాం, మీరింకా వెళ్లలేదు గదా అన్నారు. లారీ లేకుండా ఎలా వెళ్తామంటే, అది సంసిద్ధత విభాగం చూసుకోవాలన్నారు. సంసిద్ధత విభాగాన్ని అడిగితే, కుటుంబం సిద్ధంగానే ఉన్నట్టు గమనించడమైనది, ఇక లారీదే ఆలస్యం అన్నారు. నెలాఖరు దగ్గర పడుతోంది. పులి మీద పుట్రలా ఈలోగా మూఢం కూడా వచ్చిపడుతోంది. మూఢంలో కాపురం ఎత్తకూడదు. వరహాలమ్మ పంచాంగం ముందుకీ వెనక్కీ తిప్పింది. మూఢానికి ముందు మిగిలింది ఒక్క గురువారం పొద్దుటి ఘడియ.

"పరస్థానం కట్టీద్దాం," అంది.

మంచి ఘడియ ఉండి మనిషి కదలలేనప్పుడు, మనిషికి బదులు మూటని కదుపుతారు. అదే పరస్థానం. ప్రయాణమయ్యేవాళ్ల బట్టలు, గుప్పెడు బియ్యం, ఒక పసుపుకొమ్ము గుడ్డలో కట్టి, వెళ్లే దిక్కున ఇంకొకరి ఇంట్లో పెడితే, ప్రయాణం అయిపోయినట్టే లెక్క. ఆ తర్వాత ఎప్పుడు బయల్దేరినా ఆ మంచి ఘడియలో బయల్దేరినట్టే. ఇది దేవుణ్ణి మోసం చేయడం కాదా అని హైమ అడిగింది. కాదు, బస్సు కిటికీలోంచి సీటు మీద తువ్వాలు వెయ్యడం లాంటిదని మామ్మ చెప్పింది.

గురువారం పొద్దున్నే భూలక్ష్మి పాత పంచె ఒకటి పరిచి, మొగుడి చొక్కా, తన చీర, హైమ చున్నీ పెట్టింది. అత్త చీర కూడా ఇమ్మని చెయ్యి చాపింది.

"నాదెందుకే. శుభమా అని మూట కడతంటే అందులో నా చీరేటి," అంది వరహాలమ్మ. "మీ ఎనకాల నేనెలాగూ వస్తాను గదా."

భూలక్ష్మి మూట చంకన పెట్టుకుని పడమటి పక్కన ఉన్న దాలమ్మ ఇంటికి తీసుకెళ్లింది. వరహాలమ్మ వంటింటి తలుపు వెనకాల నిలబడి, అలికిడి బట్టి మూట గడప దాటిందని తెలుసుకుని, దండం పెట్టుకుంది.

నెలాఖరు రోజున పుండరీకాక్షం తనిఖీకి వచ్చాడు. ఆయన ముఖం చూస్తే జాలేసేలా ఉంది. ఆయన కింద ఉన్న ఆఫీసుల్లో ఒక్క కుటుంబం కూడా గడప దాటలేదు. ఇక్కడ చూస్తే అందరూ వరసగా కూర్చుని చేపల పులుసుతో అన్నం తింటున్నారు. కుటుంబం నిశ్చలంగా ఉన్నట్టు గమనించడమైనదని ఆయన నీరసంగా అన్నాడు. గౌరునాయుడు ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగిపోయాడు.

వరహాలమ్మ లేచి నిలబడింది. అబద్ధం ఆడడం ఆవిడకి తెలీదు, నిజమే చెప్పింది. "దాటీసినాం బాబూ. గురువారం పొద్దున్నే దాటీసినాం. మూట దాలమ్మింట్లో ఉంది, కావాలంటే చూసుకోండి."

అధికారి వెళ్లి మూటని చూశాడు. చుట్టూ తిరిగి చూశాడు. మూట కదిలితే కుటుంబం కదిలినట్టేనా అని అడిగాడు. తమ తాతల నాటి నుంచీ అంతేనని వరహాలమ్మ చెప్పింది.

"ఈ విధానం మీద ఆక్షేపణలేమైనా వచ్చాయా?"

"ఎవరి కాణ్ణించి బాబూ?"

"దేవుడి దగ్గర్నుంచి."

"ఇప్పటి దాకా రాలేదు."

పుండరీకాక్షం ముఖంలో అప్పుడొక వెలుగు వచ్చింది. ఉద్యోగంలో చేరాక అలాంటి వెలుగు ఆయనకి ఇదే మొదటిసారి అయివుండాలి. అక్కడికక్కడే లక్క తెప్పించి మూట ముడి మీద సంస్థ ముద్ర కొట్టించాడు. ఈ మూటకి ఉన్న ముడులలో ఏ ఒక్కటీ గమ్యం చేరేవరకు ఎవ్వరూ విప్పరాదని, విప్పిన పక్షంలో కుటుంబ విచ్ఛిత్తిగా పరిగణించబడునని అందరూ వినేలా పైకి చదివాడు. తర్వాత మిగిలిన చేపల పులుసు సేవించడమైనది.

కబురు పై ఆఫీసుకి చేరింది. మహాసంచాలకులవారు దాన్ని ఇంకా పైకి చేర్చారు. మూట ప్రస్థాన విధానం అని దానికి పేరు పెట్టి దేశమంతటా అమలు చేశారు. లారీలు అక్కర్లేదు, రైళ్లు అక్కర్లేదు, ఏడుపులు అసలే లేవు. సంస్థలో బదిలీ అయిన కుటుంబాలన్నీ చూస్తూండగానే గడప దాటేశాయి. మూట కట్టడం తెలియని రాష్ట్రాలకి పుండరీకాక్షం స్వయంగా వెళ్లి ఉపన్యాసాలిచ్చాడు. దాలమ్మ ఇల్లు నమూనా మజిలీ అయింది. మూటకి ఒక బల్ల, బల్లకి ఒక దుప్పటి, తల మీద ఒక ఫ్యాను పెట్టారు. నా వయసు మొత్తంలో నాకు లేని ఫ్యాను మీ బట్టలకి వచ్చిందే అని దాలమ్మ భూలక్ష్మిని దెప్పుతూ, వంట కూడా ఆ ఫ్యాను కిందే చేసుకునేది.

ఒకరోజు గౌరునాయుడు ఆఫీసుకి వెళ్తే ఆయన కుర్చీలో ఒక మూట కూర్చుని ఉంది. ఒడిశా నుంచి బదిలీ మీద వచ్చిన ఉద్యోగి అని చెప్పారు. మంచి ఆకుపచ్చ దుప్పటిలో కట్టారు, కాస్త ఎడమ పక్కకి వాలి ఉంది. మరి ఏటి మట్టం ఎవరు చూస్తున్నారని గౌరునాయుడు అడిగాడు. వారే చూస్తున్నారు, వారు చేరిన దగ్గర్నుంచి మట్టంలో ఏ మార్పూ లేదు, ఇంత నిలకడైన ఏరు సంస్థ చరిత్రలోనే లేదని చెప్పారు. నా పనేమిటని అడిగితే, మీరు వెళ్లిపోయారు గదా అన్నారు. వెళ్లిపోయినవాళ్లు ఇలా తిరుగుతూంటే ఉన్నవాళ్లు జడుసుకుంటారు, కాస్త సాయంత్రం పూట ఇటు రాకండి అని బతిమాలారు కూడా.

ఆ వెనకే ఇంటికి కరెంటు ఆపడానికి మనుషులొచ్చారు. వెళ్లిపోయినవాళ్లకి దీపమెందుకు, నీళ్లెందుకు. అయితే మూటలో ఎవరెవరి బట్టలున్నాయో చూసుకుంటే ముసలావిడవి లేవని తేలింది. అంటే ఆవిడ వెళ్లలేదు. నిబంధనల ప్రకారం ఆ ఇంట్లో ఉన్నది వరహాలమ్మ ఒక్కతే. ఆవిడ వరకు ఒక బల్బు, ఒక బిందెడు నీళ్లు ఉంచి మిగతావి తీసేశారు. ఆ బల్బు కిందే నలుగురూ తిన్నారు, ఆ బిందెతోనే నలుగురూ గడుపుకున్నారు. మామ్మ లేకపోతే మనం బొత్తిగా లేనట్టే అని హైమ నవ్వేది.

నిజం చెప్పాలంటే వరహాలమ్మకి ఆ రోజులు హాయిగా గడిచాయి. ప్రయాణం జరిగిపోయింది, మనుషులు ఇంట్లోనే ఉన్నారు. పుట్టి బుద్ధెరిగాక ఎవరూ దూరం కాకుండా జరిగిన ప్రయాణం ఆవిడ చూడ్డం ఇదొక్కటే. పొద్దున్నే లేచి కొడుకు, కోడలు, మనవరాలు పడుకున్నచోట పడుకునే ఉన్నారా అని చూసుకుని, మూట చల్లగా ఉండాలని మొక్కుకునేది.

అంత హాయిని ఆఫీసులు ఎంతకాలం చూస్తూ ఊరుకుంటాయి? కుటుంబం వెళ్లిపోయింది కాబట్టి లారీ మంజూరైంది.

పుండరీకాక్షం వచ్చి వివరించాడు. కుటుంబం, అంటే మూట, లారీలో ముందు సీట్లో కూర్చుంటుంది. వెనకాల సామాను. మరి మేము అని గౌరునాయుడు అడిగాడు. ఒకసారి వెళ్లిపోయిన మనిషికి మళ్లీ వెళ్లే వీలు నిబంధనల్లో లేదు, అయినా మానవతా దృష్టితో ఆలోచించి, ఆ ముగ్గురినీ సదరు కుటుంబానికి చెందిన సామాను కింద చేర్చడమైనదని చెప్పాడు. గౌరునాయుడు సంతోషించాలో ఏడవాలో తెలియక తల గోక్కున్నాడు. ఇంతలో వంటింట్లోంచి వరహాలమ్మ గొంతు వినిపించింది. నన్ను కూడా సామాన్లలో రాసేసుకోండి బాబూ అంటోంది.

అది కుదరదన్నాడు అధికారి. బట్టలు ముందే వెళ్లినవారు మాత్రమే సామాను కాగలరు. ఆవిడ వెళ్లని వ్యక్తి, కాబట్టి సామాను కాదు, నికరంగా మనిషి. మనిషి సామాన్లతో ప్రయాణం చేయడం నేరం. అలాగే గడువులోగా గడప దాటలేదు కాబట్టి ఆ మూడేళ్ల నిబంధన కూడా ఆవిడకే వర్తిస్తుంది. పోనీ ఇప్పుడు ఒక చీర ఇస్తాను మూటలో దూర్చండి అని ఆవిడ అడిగింది. ముడి విప్పితే కుటుంబ విచ్ఛిత్తి అవుతుందని గుర్తు చేశాడు. గొంతు తగ్గించి, అధికారి ఇంకొక మాట కూడా చెప్పాడు.

"పైగా మీరు ఉండిపోవడం సంస్థకి చాలా అవసరం. వీడ్కోలు చెప్పేవారు లేకుండా జరిగినది ప్రయాణం కాదు, పలాయనం. ఆ క్షేమంగా వెళ్లి లాభంగా రండి అనే వాక్యం మీ నోటి మీదుగా వినడానికి మహాసంచాలకులవారే దయచేస్తున్నారు."

ఆయన వెళ్లాక ఉద్యోగం మానేస్తానని గౌరునాయుడు అన్నాడు. మానేస్తే తింటానికి ఏముందని తల్లి అడిగింది. నువ్వు లేకపోతే మేం లారీ ఎక్కమని భూలక్ష్మి అనబోయింది. ఎక్కకపోతే సామాను పోగొట్టిన నేరం మొగుడి మీద పడుతుందని తెలిసి, ఆ మాట సగంలోనే మింగేసింది. మామ్మా, ఆ రోజు ఆ చీరేదో ఇచ్చేసి ఉంటే అయిపోను గదా అంది హైమ. ఆ పిల్ల మామూలుగానే అంది. వరహాలమ్మకి మాత్రం గుచ్చుకుంది. తప్పు ఎవరి మీదా పెట్టడానికి లేదు. భూలక్ష్మి చెయ్యి చాపింది, అడిగింది. తన చేత్తో తనే తన చీరని పక్కన పెట్టుకుంది. పోనీ, అండమాన్ ఓడెక్కినాయన తను ఎదురు రాబట్టి పోయాడా? ఆ రోజు తను విధవ కాదు. నుదుట ఇంత బొట్టు పెట్టుకుని, పసుపు రాసుకుని ఎదురెళ్లింది. ఇన్నేళ్లుగా తలుపు వెనక నిలబడ్డ మనిషికి ఈ సంగతి ఇదివరకు ఒక్కసారి కూడా ఎందుకు తట్టలేదో ఆవిడకే తెలియలేదు.

సభ దాలమ్మ వాకిట్లోనే పెట్టారు. షామియానా వేశారు, అరటి బోదెలు కట్టారు, మైకు పెట్టారు, కెమెరాలవాళ్లని పిలిపించారు. చూడవచ్చేవారికి అడ్డం రాకుండా గేదెని పెరట్లో కట్టేశారు. మహాసంచాలకులవారి వీలుని బట్టి ముహూర్తం సోమవారం పొద్దున్న ఎనిమిదింటికి కుదిరింది. అది రాహుకాలమని ఊళ్లో పాలుతాగే పిల్లకి తప్ప అందరికీ తెలుసు. అయినా పైవారి రాక ముందు రాహువెంత?

మహాసంచాలకులవారు మూటకి దండ వేసి మాట్లాడారు. మనిషి అనేవాడు ప్రయాణానికి ప్రధాన అవరోధమని సంస్థ కనిపెట్టిందన్నారు. మనిషికి ఆకలి, నిద్ర, జ్ఞాపకం అనే మూడు లోపాలున్నాయని, మూటకి అవేవీ లేవని, రానున్న కాలంలో ఉద్యోగాలకి మూటలనే నేరుగా ఎంపిక చేసే ఆలోచన ఉందని ప్రకటించారు. చప్పట్లు మోగాయి. సామానుని లారీ వెనక ఎక్కించారు. గౌరునాయుడు, భూలక్ష్మి, హైమ రోలుకి ఆనుకుని కూర్చున్నారు. హైమ ముఖం అవతలకి తిప్పుకుంది. ఇక వీడ్కోలు పలకవలసిందిగా వరహాలమ్మ గారిని మైకులో పిలిచారు.

ఆవిడ దాలమ్మ ఇంటి తలుపు వెనకాల ఉంది, అలవాటు చొప్పున.

తలుపు తీసుకుని బయటికి వచ్చింది. మూటకి నేరుగా ఎదురొస్తోంది. ఓలమ్మ, రాహుకాలమే, ఎదురు రాకు అని దాలమ్మ చెయ్యి పట్టుకోబోయింది. రానీలే అని విడిపించుకుంది వరహాలమ్మ. మూట ముందు చతికిలబడి, కొంగు భుజం మీద నుంచి తీసి, మూట చెవికి చుట్టి, నూతి చేదకి తాడు కట్టినట్టు గట్టిగా ముడి వేసింది. ఒకసారి లాగి చూసుకుంది. రాలేదు. అప్పుడు మైకు అందుకుంది.

"గమ్యం చేరేదాకా ఏ ముడీ ఇప్పకూడదన్నారు గదా బాబూ. ఇదీ ముడే."

మహాసంచాలకులవారు పుండరీకాక్షం వైపు చూశారు. పుండరీకాక్షం ఉత్తర్వు వైపు చూశాడు. ముడులు ఎన్ని ఉండాలో, ఎప్పుడు వేసినవై ఉండాలో, వాటికి అవతలి కొసన ఏమి ఉండరాదో ఉత్తర్వులో ఎక్కడా లేదు. కొంగు కత్తిరిస్తేనో అని ఎవరో సూచించారు. ఇన్ని కెమెరాల ముందు ముసలావిడ కొంగు కత్తిరించే అధికారి ఎవరన్నది తేలలేదు. పైవారు చెమట తుడుచుకుని, ఈవిడ మూట లోపల ఉన్నట్టా, బయట ఉన్నట్టా అని అడిగారు. మూటకి ఉన్నట్టు గమనించడమైనదని జవాబు వచ్చింది. మూట కదలకపోతే కుటుంబాలన్నీ కదిలాయని సంస్థ చెప్పుకునే నూటికి నూరు కాస్తా చెడుతుంది. మూట కదిలితే ఆవిడ కదులుతుంది. పైవారు గడియారం చూసుకుని, సరే గాని మరి ఆ వీడ్కోలు వాక్యం ఎవరు చెబుతారన్నారు.

"నేను చెప్తాను," అంది దాలమ్మ. ఆవిడా మొగుడు పోయిన మనిషే. మైకుని గేదె ముట్టె పట్టినట్టు పట్టుకుంది. "క్షేమంగా ఎల్లి లాభంగా రండి. ఒలే వరాలూ, ఆ ఫ్యాను మాత్రం నేను తియ్యనియ్యను."

"ఎల్లొస్తామే," అంది వరహాలమ్మ.

వస్తాం అన్నారంటే తిరిగి రావాలనే ఉద్దేశం ఉన్నట్టు పరిగణించాలా అని పుండరీకాక్షం అడుగుతూనే ఉన్నాడు. లారీ కదిలింది. వెనక పెరట్లో గేదె ఒక్క కేక పెట్టింది.

దారి పొడుగునా మూట ముందు సీట్లో దండతో కూర్చుంది, పక్కన కొంగుముడితో వరహాలమ్మ. టీ కోసం లారీ ఆగినప్పుడల్లా ఆవిడ మూటని చంకనెత్తుకునే దిగేది, వెనక్కి వెళ్లి రోలు పక్కన ముగ్గురూ ఉన్నారో లేదో చూసేది. నిన్న కూడా ఇక్కడే ఉన్నాం గదే అమ్మా అని గౌరునాయుడు విసుక్కునేవాడు. ఉంటే మంచిదే, ఉండు అని మళ్లీ వచ్చి కూర్చునేది. చెట్లు పల్చబడ్డాయి, తర్వాత పొదలు పల్చబడ్డాయి, చివరికి ఇసక ఒక్కటే మిగిలింది. సున్నా వచ్చేసినట్టుందే అనుకుంది వరహాలమ్మ.

ఆఫీసు గేటు దగ్గర కాపలావాడు మూటకి సలాం కొట్టాడు. కుటుంబం వస్తోందని అతనికి ముందే కబురుంది. మూటకి వేలాడుతున్న ఈ ముసలావిడ సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు. హిందీలో ఏదో అడిగాడు. హైమ సామాన్ల మీద నుంచి తల బయటపెట్టి తెలుగు చేసి చెప్పింది. ఆ మూటకి నువ్వేమవుతావని అడుగుతున్నాడు మామ్మా.

"అమ్మని," అంది వరహాలమ్మ.

అది హైమ తెలుగు నుంచి మార్చి చెప్పనక్కర్లేకుండానే అతనికి అర్థమైంది. గేటు తీసి, సామాను దారిలో ఏమైనా పాడైందేమో చూసుకోమని చేత్తో సైగ చేశాడు. ఆవిడ మూటని ఎత్తుకుని వెనక్కి నడిచింది. గౌరునాయుడు ఎండకి నల్లబడి దిగాడు. భూలక్ష్మి నడుం పట్టుకుని దిగింది. హైమ జుట్టు నిండా ఇసకతో దూకింది. వరహాలమ్మ ముగ్గురినీ తలలూ భుజాలూ తడిమి చూసింది. ఆఖరున గోనె సంచిలో రోలు దించారు. కుదుపులకి దాని అంచు ఇంత ముక్క ఊడిపోయింది. అయ్యో, ఇంత దూరం మోసుకొచ్చి అని భూలక్ష్మి నొచ్చుకుంది.

"పోతే పోయిందిలే," అంది వరహాలమ్మ, కొంగు ముడి విప్పుకుంటూ. "మిగతా సామాను ఒక్కటీ ఇరగలేదు."